పర్లాకిమిడి స్టూడియోలో నాస్: ఒక ధనుర్మాసం డైరీ

డిసెంబర్ 17, 2024

నిన్న ధనుర్మాసం మొదలైంది. సంక్రాంతి దాటేదాకా ముహూర్తాల్లేవు కాబట్టి ఒడిశా పర్లాకిమిడిలో మావయ్య ఫొటో స్టూడియో ఖాళీ. ఆంధ్ర వైపు పాతపట్నం నుంచి నేను రోజూ బండి మీద వచ్చి పోతున్నాను. మధ్యలో రాష్ట్రం మారుతుంది గానీ ఊరు మారినట్టు ఉండదు.

స్టూడియోలో నాస్, అంటే అన్ని కంప్యూటర్లూ నెట్‌వర్క్ మీద వాడుకునే నిల్వ పెట్టె, పెట్టే పని ఎందుకొచ్చిందో ముందు రాసుకోవాలి. కార్తీకంలో మూడు పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు ఒకే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఒకరోజు పొద్దున్న అది టక్కు టక్కుమని శబ్దం మొదలెట్టింది. ఆ శబ్దం విన్నవాళ్లకు తెలుసు, ఇక అది మన మాట వినదు. రెండు పెళ్లిళ్లు మెమరీ కార్డుల్లో ఇంకా మిగిలున్నాయి, అదృష్టం. మూడో పెళ్లి కార్డులు అప్పటికే ఫార్మాట్ అయిపోయాయి. ఆ ఇంటివాళ్లకు సెలక్షన్ కోసం పంపిన చిన్న సైజు ఫొటోలే దిక్కయ్యాయి. జీలకర్ర బెల్లం ఘట్టం వీడియో పూర్తిగా పోయింది. మావయ్య డబ్బు వెనక్కిచ్చి, రెండు రోజులు షట్టర్ సగమే ఎత్తి కూర్చున్నాడు.

నేను అడిగిన మొదటి మాట, "బ్యాకప్ లేదా మావయ్యా?" అని.

"ఉందిరా, అదే పోయింది" అన్నాడు.

ఈ ప్రాజెక్టు మొత్తం ఆ ఒక్క జవాబు మీదే నడుస్తోంది. మావయ్య దృష్టిలో కంప్యూటర్‌లోంచి బయటి డిస్కుకు మార్చేస్తే అది బ్యాకప్. కంప్యూటర్‌లో చోటు కోసం అసలు తీసేశాడు. మిగిలింది ఒక్కటే. ఒక్కటే ఉంటే అది అసలు అవుతుంది, ఎక్కడున్నా సరే.

డిసెంబర్ 19

స్టూడియోలో ఉన్న సరంజామా లెక్కేశాను. ఎడిటింగ్ కంప్యూటర్ ఒకటి, ఆల్బమ్ డిజైన్‌కి మరదలు వాడేది ఒకటి, మావయ్య పాత ల్యాప్‌టాప్. ఎక్స్‌టర్నల్ డిస్కులు ఐదు, మీద ఏ పేరూ లేదు. ఏ పెళ్లి ఎందులో ఉందో మావయ్యకు నోటికి తెలుసు. ఆయనకు జ్వరమొస్తే స్టూడియోకి మతిమరుపు వచ్చినట్టే. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఫైళ్లు పెన్‌డ్రైవ్ మీద నడుస్తాయి.

నాస్ పెడదామన్నాను. నెట్‌వర్క్‌కి తగిలించిన నిల్వ పెట్టె అని చెప్పాను. "హార్డ్ డిస్కే కదరా, వైరు మారింది అంతేనా?" అన్నాడు మావయ్య. మంచి ప్రశ్నే. నేరుగా యూఎస్‌బీతో తగిలించే డిస్కును డాస్ అంటారు. దానికి యజమాని దాన్ని తగిలించుకున్న కంప్యూటరే. నాస్‌లో డిస్కులకు యజమాని ఆ పెట్టె. మనం ఫలానా ఫైలు కావాలని అడుగుతాం, అది తీసి ఇస్తుంది. బియ్యం గోదాములో గుమస్తా ఉన్నట్టు: బస్తా పేరు చెప్పాలి, లోపలికెళ్లి వెతికేది అతను. ఒకేసారి ముగ్గురు అడిగినా సర్దుకుంటాడు.

శాన్ అని ఇంకోటి ఉంది. అక్కడ గుమస్తా ఉండడు, గోదాములో కొన్ని అరలు మనకే రాసిచ్చి తాళం చేతికిస్తారు. కంప్యూటర్ దాన్ని తన సొంత డిస్కే అనుకుంటుంది. ఫైళ్లుగా కాకుండా బ్లాకులుగా ఇవ్వడం అంటే అదే. బ్యాంకులకు, పెద్ద ఆసుపత్రులకు సరే. మనకెందుకు?

డిసెంబర్ 21

మూలనున్న పాత ఐ3 డెస్క్‌టాప్‌ని దుమ్ము దులిపాం. ర్యామ్ 8 జీబీ ఉంది, ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి చాలు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి 120 జీబీ ఎస్ఎస్‌డీ, ఫైళ్లకు రెండు 4 టీబీ డిస్కులు. ఖర్చు మొత్తం డిస్కుల దగ్గరే.

డిస్కు కొనేటప్పుడు సీఎంఆర్, ఎస్ఎంఆర్ తేడా చూసుకోవాలి. ఎస్ఎంఆర్‌లో సమాచారం రాసే గీతలు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవీ కదపాలి. అందుకే పెద్ద ఎత్తున తిరగరాసే పనుల్లో అవి నత్తనడక నడుస్తాయి. నాస్ కోసం గీతలు విడివిడిగా ఉండే సీఎంఆర్ తీసుకోవాలి. రెండు డిస్కులూ రెండు వేర్వేరు షాపుల్లో కొన్నాను. ఒకే లాటులోవి ఒకేసారి చెడిపోతాయేమోనని నా భయం.

డిస్కు తగిలించగానే విండోస్ 3.63 టీబీ అని చూపించింది. మావయ్య ముఖం మాడిపోయింది, షాపువాడు మోసం చేశాడన్నాడు. మోసమేం లేదు. డిస్కు కంపెనీలు టెరాబైట్‌ని లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తాయి. విండోస్ 1024ను నాలుగుసార్లు హెచ్చవేసి భాగిస్తుంది, పక్కన మాత్రం టీబీ అనే రాస్తుంది. ఆ లెక్కకు అసలు పేరు టెబిబైట్. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే ఒకరిది వీశ, ఒకరిది కిలో.

రెండో దెబ్బ వెంటనే తగిలింది. రెండు డిస్కులు పెడితే 8 కాదు, 4 టీబీయే వాడుకోగలమని చెప్పాను. రెండిట్లో ఒకే సరుకు ఉంటుంది. దీన్ని రెయిడ్ 1 అంటారు, అద్దం అనుకోవచ్చు. ఒకటి చచ్చినా రెండోది పని ఆపదు. రెయిడ్ 0 అయితే ఫైలుని ముక్కలు చేసి రెండిటికీ పంచుతుంది. వేగం వస్తుంది, కానీ ఏది పోయినా మొత్తం పోతుంది. రెయిడ్ 5కి కనీసం మూడు డిస్కులు కావాలి. ఒక డిస్కులో 5, ఇంకోదాంట్లో 7 ఉంటే మూడోదాంట్లో 12 రాసిపెట్టుకోవడం లాంటిది, ఏ ఒక్కటి చెరిగినా మిగతా రెండిటినీ చూసి లెక్కగట్టొచ్చు. నిజంగా జరిగేది కూడిక కాదు గానీ వరస అదే. ఆ అదనపు అంకె పేరు పారిటీ.

రెయిడ్ పేరు 1988లో బెర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పరిశోధన పత్రంతో వాడుకలోకొచ్చింది. అందులో ఐ అక్షరానికి అర్థం ఇన్‌ఎక్స్‌పెన్సివ్, అంటే చవక. ఖరీదైన ఒక్క పెద్ద డిస్కు బదులు చవక డిస్కులు గుంపుగా వాడుకోవచ్చని వాళ్ల వాదన. తర్వాత కంపెనీలు ఆ ఐని ఇండిపెండెంట్, అంటే స్వతంత్రం అనే అర్థానికి మార్చేశాయి. సరుకు అమ్ముకునేవాడు తన పెట్టె మీద చవక అని రాసుకోడు కదా.

డిసెంబర్ 24

పాత డెస్క్‌టాప్‌ని నాస్‌గా మార్చే ఓపెన్‌మీడియావాల్ట్ అనే సాఫ్ట్‌వేర్ వేశాను. డెబియన్ లినక్స్ మీద నడుస్తుంది, ఉచితం. ఒకసారి పెట్టాక మానిటర్, కీబోర్డు పీకేయొచ్చు, మిగతా పనంతా బ్రౌజర్‌లోంచే. లాగిన్ కాగానే మొదట పాస్‌వర్డ్ మార్చాలి, ఎందుకంటే ముందుగా వచ్చే పాస్‌వర్డ్ లోకానికంతా తెలుసు. తర్వాత రౌటర్‌లో ఈ పెట్టెకు ఒక స్థిరమైన ఐపీ చిరునామా కట్టబెట్టాను. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్ కొత్త నంబరు ఇవ్వొచ్చు. కంప్యూటర్లు పాత గడప దగ్గర నిలబడి తలుపు కొడుతుంటాయి.

డిస్కుల మీద బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను సర్దే పద్ధతి) వేశాను, రెయిడ్ 1 పద్ధతిలో. ఇది ప్రతి ముక్కకూ చెక్‌సమ్, అంటే ఆ ముక్కలోంచే లెక్కగట్టిన సరిచూసుకునే అంకె, రాసి పెట్టుకుంటుంది. నెలకోసారి స్క్రబ్ అనే పని నడిపితే మొత్తం చదివి, చెక్‌సమ్ కలవని ముక్కను రెండో డిస్కులోని మంచి ముక్కతో సరిచేస్తుంది. డిస్కులో ఏళ్ల తరబడి కదలకుండా పడున్న ఫొటో చడీచప్పుడు లేకుండా పాడవడం ఉంటుంది. తెరిచి చూసేదాకా ఎవరికీ తెలీదు. సగం కింద బూడిద రంగు పట్టీ వచ్చిన ఫొటోలు మావయ్య దగ్గర కొన్ని ఉన్నాయి.

ఇక షేర్. నాస్‌లోని ఒక ఫోల్డర్‌ని నెట్‌వర్క్‌లో అందరికీ కనబడేలా పెట్టడమే షేర్ చేయడం. దాన్ని ఏ భాషలో మాట్లాడుకుంటూ పెట్టాలన్నది ప్రోటోకాల్. విండోస్ భాష ఎస్ఎంబీ, 1983లో ఐబీఎంలో పుట్టింది. యూనిక్స్ వైపు భాష ఎన్ఎఫ్ఎస్, 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చింది. మనవన్నీ విండోస్‌లే కాబట్టి ఎస్ఎంబీ చాలు. లినక్స్ పెట్టె చేత ఆ భాష మాట్లాడించే సాఫ్ట్‌వేర్ సాంబా. దాన్ని రాసిన ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ ఆండ్రూ ట్రిజెల్, ఎస్, ఎం, బి అక్షరాలు వరసగా వచ్చే మాట కోసం కంప్యూటర్‌లోని పదాల జాబితాలో వెతికించి ఆ పేరు పట్టుకున్నాడు. నాట్యానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

పర్మిషన్ల దగ్గర ఒక పూట పోయింది. మూడు షేర్లు చేశాను: "పెళ్లిళ్లు", "ఆల్బమ్‌లు", "లెక్కలు". మావయ్యకు అన్నీ, మరదలికి మొదటి రెండూ, కార్డులు ఖాళీ చేసే ఒడియా కుర్రాడికి "పెళ్లిళ్లు" ఒక్కటే. అంతా సరిగ్గా పెట్టానే అనుకుంటుంటే మరదలు, "బావా, ఫైలు తెరుచుకుంటోంది, సేవ్ అవడం లేదు" అంది. షేర్‌లో రాసే హక్కు ఇచ్చాను. కింద ఫైల్ సిస్టమ్‌లో ఆ ఫోల్డర్ మావయ్య పేరు మీద ఉంది, ఇతరులు చదవడానికే. రెండు గేట్లున్నాయి, వీధి గేటు తీశాను, వంటింటి తలుపు గొళ్లెం తీయలేదు. రెండిట్లో ఏది గట్టిగా ఉంటే అదే చెల్లుతుంది. అందర్నీ ఒక గ్రూపులో వేసి, ఫోల్డర్ హక్కు గ్రూపుకిచ్చాక సేవ్ అయింది.

డిసెంబర్ 27

ఈ రోజు రెండు పేజీలు రాయాల్సిన రోజు.

పాత డిస్కులన్నీ కలిపి 1.6 టీబీ తేలింది. ఎడిటింగ్ కంప్యూటర్ నుంచి నాస్‌కి కాపీ పెట్టాను. సెకనుకు 11 ఎంబీ దగ్గర నిలబడిపోయింది. ఆ లెక్కన 40 గంటలు. నాస్ పాతది కాబట్టి అంతే అన్నాడు మావయ్య. నాకు ఆ 11 అంకె మీద అనుమానం. ఎక్కడైనా వేగం పైకీ కిందకీ ఊగుతుంటే డిస్కు తప్పు కావచ్చు. గీత గీసినట్టు 11 దగ్గరే ఆగితే అది ఎవరో కట్టిన గట్టు.

నెట్‌వర్క్ వేగాన్ని బిట్లలో చెబుతారు, ఫైలు సైజును బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 మెగాబిట్లని ఎనిమిదితో భాగిస్తే 12.5, రవాణా ఖర్చులు పోను 11 పైచిలుకు. అంటే ఎక్కడో 100 మెగాబిట్ల దగ్గర చిక్కుకున్నాం. గిగాబిట్ అయితే లెక్కకు 125, చేతికి 110 దాకా రావాలి.

కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ చూశాను, గిగాబిట్‌దే. కంప్యూటర్ కార్డు గిగాబిట్. నాస్ కార్డు గిగాబిట్. స్విచ్ మీద నాస్ తగిలించిన రంధ్రం దగ్గర మాత్రం పచ్చ లైటు బదులు నారింజ లైటు వెలుగుతోంది. కేబుల్ మీద గిగాబిట్‌కి సరిపడే రకం, క్యాట్ 5ఈ అనే రాసుంది. ఇంకో గంట సెట్టింగుల్లో గింజుకున్నాను. చివరికి ఒడియా కుర్రాడు వచ్చి కేబుల్ కొస పట్టుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. "భాయ్, ఇందులో నాలుగే తీగలున్నాయి" అన్నాడు.

ఎప్పుడో సీసీ కెమెరాకి లాగిన కేబుల్ అది. 100 మెగాబిట్లకు రెండు జతలు, అంటే నాలుగు తీగలు చాలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ, ఎనిమిది తీగలూ కావాలి. కెమెరా పెట్టినతను మిగతా నాలుగూ కత్తిరించి పడేశాడు. అతని పనికి అది తప్పు కాదు. నేను కొత్త కొస వేశాను. మొదటిసారి నారింజ, గోధుమ రంగు తీగలు తారుమారు చేశాను. రెండోసారి కుదిరింది. 108 ఎంబీ. మావయ్య లేచి వచ్చి ఆ గ్రాఫ్ చూసి, అత్తకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

పెద్ద వీడియోల దగ్గర ఆ వేగం వస్తోంది. వేల చిన్న ఫొటోలున్న ఫోల్డర్ల దగ్గర 40కి పడిపోతోంది. ప్రతి ఫైలుకీ తెరవడం, పేరు రాయడం, మూయడం అనే తంతు ఉంటుంది కదా. పెళ్లిలో వంద మందికి ఒకేసారి వడ్డించడం వేరు, వంద మంది ఒక్కొక్కరుగా వచ్చి ఆకు వేయించుకోవడం వేరు.

డిసెంబర్ 30

తెలుగు పేర్లతో ఒక తంటా. మావయ్యకు ఫోల్డర్ పేరే రిజిస్టరు. పెళ్లికొడుకు ఇంటిపేరు, పెళ్లికూతురు ఊరు, ముహూర్తం టైము, కళ్యాణ మండపం, బాకీ ఎంతో కూడా అందులోనే రాస్తాడు. కొన్ని ఫోల్డర్లు నాస్‌కి ఎక్కమని మొరాయించాయి. లినక్స్ ఫైల్ సిస్టమ్‌లో ఒక పేరుకి హద్దు 255 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు. యూనికోడ్‌లో తెలుగుది, ఒడియాది ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. గుర్తు అంటే అక్షరమే కాదు, గుణింతం వేరే గుర్తు, పొల్లు వేరే గుర్తు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరంలో ఆరు గుర్తులున్నాయి, 18 బైట్లు. అలా చూస్తే పేరు మొత్తానికి 85 గుర్తులే. మావయ్య ఒక్క వాక్యంలో దాటేస్తాడు.

ఇప్పుడు ముందు తేదీ, తర్వాత ఊరు, తర్వాత ఇంటిపేరు. 2024-11-17 అని సంవత్సరం ముందు రాస్తే ఫోల్డర్లు వాటంతటవే వరసగా కూర్చుంటాయి. బాకీలు "లెక్కలు" షేర్‌లోకి వెళ్లిపోయాయి. ఆల్బమ్ చూసుకోవడానికి వచ్చిన వియ్యంకుల ముందు తెర మీద బాకీ కనబడే బాధ తప్పింది.

జనవరి 3, 2025

మరదలికి కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. నాస్ కనబడటం లేదు. విండోస్ 11 కొత్త వెర్షన్ 24హెచ్2లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లను ఒప్పుకోవడం లేదు. "పెళ్లిళ్లు" షేర్‌ని నేను బద్ధకించి గెస్ట్‌కి తెరిచిపెట్టాను. ల్యాప్‌టాప్‌లో సెట్టింగు మార్చి పాత అలవాటు కొనసాగించొచ్చని సలహాలిచ్చేవాళ్లు బోలెడుమంది. అలా చేయలేదు. షేర్‌లోనే గెస్ట్ తీసేసి ముగ్గురికీ పాస్‌వర్డ్‌లు పెట్టాను. ఎస్ఎంబీ1 అనే పాత వెర్షన్ ఎక్కడైనా ఆన్‌లో ఉంటే అదీ ఆపేయాలి. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్, పాకింది ఆ పాత తలుపులోని కన్నం పట్టుకునే.

జనవరి 6

కుర్రాడు కార్డు ఖాళీ చేస్తూ, పేరు తప్పు పడిన ఫోల్డర్ తీసేయబోయి పక్క ఫోల్డర్ తీసేశాడు. నవంబర్‌లో కాశీనగర్ పెళ్లి, ఎడిట్ సగం అయినది. నెట్‌వర్క్ షేర్‌లో డిలీట్ కొడితే మన కంప్యూటర్ రీసైకిల్ బిన్‌లోకి రాదు, నేరుగా పోతుంది. వాడి ముఖం చూసి నాకే కడుపులో తిప్పింది.

మావయ్య మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. "రెండు డిస్కులున్నాయి కదరా, రెండోదాంట్లోంచి తియ్యి" అన్నాడు.

తప్పు ఆయనది కాదు. అద్దం అని చెప్పి నేనే వదిలేశాను. అద్దం ముందు నువ్వు చెయ్యి ఎత్తితే అదీ ఎత్తుతుంది. ఫైలు చెరిపితే అదీ చెరుపుతుంది, అదే క్షణంలో. రెయిడ్ డిస్కు చావు నుంచి కాపాడుతుంది. మనిషి చేతి నుంచి కాపాడదు, వైరస్ నుంచి కాపాడదు, దొంగ పెట్టెనే ఎత్తుకుపోతే అసలే కాపాడదు.

కాపాడింది స్నాప్‌షాట్. డిసెంబర్ చివర్లో రోజుకొకటి తీసుకునేలా పెట్టి మర్చిపోయాను. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రీవియస్ వెర్షన్స్, నిన్న రాత్రిది. కాశీనగర్ పెళ్లి పీటల మీదే ఉంది. కుర్రాడు కుర్చీలో కూలబడి నీళ్లు అడిగాడు.

స్నాప్‌షాట్ అంటే మరో కాపీ అనుకుంటారు. కాపీ అయితే రోజుకు 1.6 టీబీ ఎక్కడ్నుంచి తేవాలి? అది ఈ గడియకు ఏ ముక్క ఎక్కడుందో రాసుకున్న పటం. తర్వాత ఫైలు మారితే కొత్త ముక్కను వేరేచోట రాస్తుంది, పాత ముక్కను చెరపదు. కాబట్టి మారినదానికే చోటు తింటుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. పాత ముక్కలూ అవే డిస్కుల మీద ఉన్నాయి. డిస్కులు రెండూ కాలిపోతే స్నాప్‌షాట్లూ వాటితోనే. దీన్నీ బ్యాకప్ అనకూడదు.

మధ్యాహ్నం మరదలు తన సంగతి చెప్పింది. నిరుడు ఫోన్లో చోటు కోసం గ్యాలరీలో ఫొటోలు తీసేసింది, క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని. అక్కడా పోయాయి. అది సింక్. రెండు చోట్లా ఒకేలా ఉంచడం దాని పని, తీసేయడం కూడా ఒక మార్పే కదా. ఇక్కడ మార్చితే అక్కడ మారేది ఏదైనా సరే బ్యాకప్ కాదు. మావయ్య గోడ మీద క్యాలెండర్ వెనక ఆ నాలుగు మాటలు నా చేత రాయించుకున్నాడు: షేర్, సింక్, అద్దం, స్నాప్‌షాట్. పక్కన ఐదోది ఖాళీగా వదిలాను.

జనవరి 9

ఐదోది.

3-2-1 సూత్రం. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్. కంప్యూటర్ల మనిషి చెప్పుంటే మావయ్య వినేవాడు కాదేమో. ఫొటోగ్రాఫర్ అనేసరికి కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

మొదటి కాపీ నాస్‌లో ఉన్న అసలు. రెండు యూఎస్‌బీ డిస్కులు కొన్నాం, మార్కర్‌తో "క", "గ" అని రాశాం. ఒకటి వారం పాటు నాస్ పక్క సొరుగులో ఉంటుంది, ఇంకోటి పాతపట్నంలో మా అమ్మ బీరువాలో. శనివారం తారుమారు. బ్యాకప్ నడిచే రాత్రి తప్ప డిస్కు తగిలించి ఉండకూడదు. రాన్సమ్‌వేర్ తగిలితే కనబడే ప్రతి డ్రైవునూ తాళం వేసేస్తుంది. తీగ పీకి సొరుగులో ఉన్నదాని జోలికి ఏ వైరస్సూ రాలేదు.

బ్యాకప్ ఎలా తీయాలన్నది తర్వాత మాట. ప్రతిసారీ మొత్తం తీస్తే ఫుల్. మొదటిది రాత్రంతా పట్టింది. కిందటి బ్యాకప్ తర్వాత మారినవి మాత్రమే తీస్తే ఇంక్రిమెంటల్, తొందరగా అయిపోతుంది. కానీ తిరిగి పెట్టేటప్పుడు ఫుల్‌తో మొదలై ప్రతి ముక్కనూ వరసగా పేర్చాలి. మధ్యలో ఒకటి పాడైతే అక్కడే ఆగుతాం. చివరి ఫుల్ తర్వాత మారినవన్నీ ప్రతిసారీ తీస్తే డిఫరెన్షియల్, రోజురోజుకీ లావెక్కుతుంది. తిరిగి పెట్టడానికి రెండే చాలు.

నేను ఆర్‌స్నాప్‌షాట్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెట్టాను. కింద నడిచేది ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్, దాని రచయితల్లోనూ ఆ సాంబా ట్రిజెలే ఉన్నాడు. వారం వారం ఒక కొత్త ఫోల్డర్ వస్తుంది, తెరిస్తే అన్నీ నిండుగా కనబడతాయి. కానీ మారని ఫైళ్లు డిస్కు మీద ఒక్కసారే ఉంటాయి, ప్రతి ఫోల్డర్‌లోనూ వాటికి ఒక పేరు ఉంటుంది. దీన్ని హార్డ్ లింక్ అంటారు. మన ఊరే చూడండి, మనం పర్లాకిమిడి అంటాం, ఒడియాలో పారళాఖెముండి అంటారు, ఉన్నది ఒక్క ఊరే. ఒక పేరు కొట్టేసినా ఊరు పోదు. ఆఖరి పేరు కూడా కొట్టేస్తేనే ఆ చోటు ఖాళీ అవుతుంది.

అంతా బాగుంది అనుకుంటుంటే అత్త పీట వేసుకుని కూర్చుని ఒక మాట అంది. "తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ ఇల్లూ మునిగింది, మా కొట్టూ మునిగింది కదరా."

2018 అక్టోబర్ 11. పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా, గజపతి జిల్లా రెండూ ఒకే దెబ్బకు పడ్డాయి. నాకు రాష్ట్రం మారింది కాబట్టి చోటు మారిందని లెక్క. తుఫానుకి సరిహద్దు చెక్‌పోస్టు ఏం పడుతుంది! వేరే చోట అంటే ప్రమాదం ఎంత వెడల్పుగా వస్తుందో దానికంటే దూరం అని అర్థం. మంటకైతే పక్క వీధి చాలు. తుఫానుకి చాలదు.

క్లౌడ్ లెక్క కట్టాను. మాకు నిజంగా వచ్చే అప్‌లోడ్ 20 మెగాబిట్లు. 1.6 టీబీ ఎక్కాలంటే ఆపకుండా ఏడు రోజులకు పైనే, ఆ వారమంతా స్టూడియోలో వాట్సాప్ కూడా మూలుగుతుంది. నెల నెలా అద్దె వేరే. అందుకని పూర్తయిన ఆల్బమ్ ఫైళ్లు, "లెక్కలు" మాత్రం ఎన్‌క్రిప్ట్ చేసి క్లౌడ్‌కి పంపుతున్నాం. కెమెరాలోంచి వచ్చిన అసలు (రా) ఫైళ్లకు మూడో డిస్కు "చ". విశాఖలో అన్నయ్య ఇంటికి వెళ్లొచ్చినప్పుడల్లా తీసుకెళ్తాను. రెండు మూడు నెలలకోసారి అవుతుంది, ఆ మేరకు పాతబడి ఉంటుంది. తెలిసే ఒప్పుకున్న నష్టం అది.

జనవరి 12

యూపీఎస్ తగిలించాను. యూఎస్‌బీ తీగతో నాస్‌కి కలిపితే బ్యాటరీ అడుగంటేలోపు తనంతట తాను షట్‌డౌన్ అవుతుంది. పరీక్షగా మెయిన్ ఆపేశాం. అయింది. భోగి పనులున్నాయి, ఇవాళ్టికి ఇంతే.

జనవరి 18

పండగ అయింది. అత్త ఇచ్చిన అరిసెల డబ్బా నాస్ మీద పెట్టి ఉంది, గాలి రంధ్రాల మీద. తీశాను.

ఈ రోజు రీస్టోర్ పరీక్ష. బీరువాలోంచి "గ" డిస్కు తెచ్చి, నాస్‌తో సంబంధం లేకుండా పాత ల్యాప్‌టాప్‌కి తగిలించాను. దాని మీద లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశాను, విండోస్ ఈ డిస్కును నేరుగా చదవలేదు కాబట్టి. ఈ ఒక్క సంగతి ఒక కాగితం మీద రాసి డిస్కు డబ్బాలో పెట్టాలి. నేను లేని రోజున మావయ్య విండోస్‌లో తగిలిస్తే అది ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది, ఈయన సరే అంటాడు.

మావయ్య అడిగినవి రెండే. పెళ్లివాళ్లు వచ్చి కూర్చుంటే ఎంతసేపట్లో ఇవ్వగలం? పోతే ఎన్ని రోజుల పని పోతుంది? కంపెనీల్లో వీటికి ఆర్‌టీఓ, ఆర్‌పీఓ అని పేర్లు పెట్టి మీటింగులు పెడతారు. మావయ్యకు పేర్లు తెలీకుండానే ప్రశ్నలు తెలుసు. ఒక పెళ్లి 180 జీబీ, వెనక్కి తేవడానికి గంట లోపు పట్టింది. పోయే పని, మహా అయితే ఒక వారానిది. సీజన్‌లో వారం ఎక్కువే అన్నాడు. మాఘం నుంచి బుధవారం కూడా నడిపేలా మార్చాను.

ఫొటోలు తెరిచి చూస్తున్నాం. కాశీనగర్ ఉంది, గుణుపురం ఉంది. మరదలు తన ఆల్బమ్‌లు చూపించమంది. లేవు. ఒక్కటీ లేదు. ఫోల్డరే లేదు.

అరగంట చెమటలు పట్టాక దొరికింది. బ్యాకప్ జాబితాలో "పెళ్లిళ్లు", "లెక్కలు" రెండే ఉన్నాయి. "ఆల్బమ్‌లు" షేర్‌ని పర్మిషన్ల గొడవలో ఒకసారి తీసి మళ్లీ చేశాను, బ్యాకప్ జాబితా రాసినప్పుడు దాన్ని చేర్చలేదు. వారం వారం బ్యాకప్ విజయవంతం అని ఈమెయిల్ వస్తూనే ఉంది. దానికి చెప్పిన పని అది చేసింది. ఈ పరీక్ష పెట్టకపోతే మార్చిలోనో, డిస్కు టక్కు టక్కుమన్న రోజునో తెలిసేది.

"నా పని మాత్రమే మర్చిపోయావన్నమాట" అంది మరదలు. దానికి జవాబు ఈ డైరీలో రాయను.

ఇప్పుడు ఒక్కో షేర్ కాకుండా పై ఫోల్డర్ మొత్తం ఇచ్చేశాను. రేపు ఎవరు కొత్త షేర్ చేసినా దానంతట అదే చేరుతుంది. క్యాలెండర్ వెనక ఐదో గడిలో మావయ్యే పెన్ను తీసుకుని, ఒడియాలో కాదు తెలుగులోనే, "తిరిగి తీసి చూసినది" అని రాశాడు.

ఫిబ్రవరి 4

మాఘంలో మా మొదటి పెళ్లి. కుర్రాడు రాత్రి పన్నెండున్నరకు కార్డులు ఖాళీ చేశాడు. పొద్దున్న ఫార్మాట్ చేయబోతుంటే మావయ్య చెయ్యి పట్టుకుని ఆపి, నాస్‌లో ఒకటి, "క"లో ఒకటి తన కళ్లతో తెరిచి చూశాకే వదిలాడు. నేను "క" డిస్కు సంచిలో వేసుకుని పాతపట్నం వచ్చాను. బీరువా తాళం అడిగితే అమ్మ, "దాని మీద పట్టుచీరలు పెట్టొచ్చా, బరువుకేమైనా అవుతుందా?" అని అడిగింది. పెట్టొచ్చన్నాను. నాఫ్తలీన్ ఉండలు మాత్రం పక్కకు జరిపాను.